రెండు వీధుల ఉన్ని

ఒకరి ముఖం ఒకరు చూసుకోని రెండు పెద్దిళ్ళల్లో, ఒకే వారంలో, ఒకే సరుకుకు బయానా పుచ్చుకుని, కాళ్ళూ చేతులూ ఉన్నవి ఉన్నట్టుగా ఇంటికి చేరిన ఘనత నాది. ప్రొద్దుటూరు జవళి బజారులో తల నెరిసిన వ్యాపారులు ఎంతోమంది ఉన్నారు. రాయికి కూడా గిరాకీ పుట్టించగల వాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ ఆ పని చేయలేదు. నేను చేశాను. అదీ మీసం సరిగా రాని వయసులో, డ్రాయింగు కాగితాల గొట్టం భుజాన తగిలించుకుని, కాలేజీ మార్కుల కోసం.

అప్పట్లో మా వైపు పార్టీ అంటే ముందుగా ఓట్ల పార్టీ కాదు. ఊళ్ళో నువ్వు ఏ పెద్దింటి వెనక నిలబడ్డావన్నదే పార్టీ. ఓట్ల పార్టీ తర్వాత వచ్చి దానికి జెండా కట్టింది. ఏ బస్సు ఎక్కాలి, ఏ హోటల్లో టీ తాగాలి, బిడ్డను ఏ ఊరికి ఇవ్వాలి అన్నీ దాన్ని బట్టే నడిచేవి. ఇదంతా నాకు తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ అంగడివాళ్ళకు ఒక ధీమా ఉంటుంది. అన్ని పార్టీల వాళ్ళూ గుడ్డ కట్టుకోవలసిందే కదా, మాకేమిటి అని. ఆ ధీమాను మా అంగడి గుమ్మం దాటించి బయటికి తీసుకుపోవడమే నేను చేసిన గొప్ప పని.

దూరంగా ఒక నగరంలో డిజైన్ చదివేవాణ్ణి. ఆ చదువేమిటో మా నాన్నకు విప్పి చెప్పలేక, చీరల అంచుల మీద పూలు వేయడం నేర్పిస్తారని చెప్పి ఫీజు రాబట్టాను. చివరి ఏడు మాకొక పని అప్పగించారు. సంప్రదాయంగా వస్తున్న చేతిపని ఒకటి ఎంచుకోవాలి, ఆ పనివాళ్ళ మధ్య తిరగాలి, వాళ్ళకు ఆసరాగా నిలిచే దారి ఒకటి కనిపెట్టి చూపించాలి. తోటివాళ్ళు కచ్ఛ్‌కో బస్తర్‌కో టికెట్లు కొనుక్కున్నారు. నేను మా ఇంట్లో తిండి, పడక ఉచితం కాబట్టి మా జిల్లానే ఎంచుకున్నాను. నాకు జతగా పడిన విజయవాడ అమ్మాయికి కూడా అదే ఆశ చూపించి లాక్కొచ్చాను. ఆమె రంగులు కాచడంలో దిట్ట. నేను మాటలు కాచడంలో.

జమ్మలమడుగు దాటి మైలవరం డ్యాము దారిలో పోతే ఒక ఊరు. అక్కడ గొర్రెల ఉన్నితో కంబళ్ళు నేసే ఇల్లు ఒకటే మిగిలింది. మొగుడు గుంటమగ్గం మీద నేస్తాడు, పెండ్లాం రాట్నం మీద వడుకుతుంది. ఊరికి రెండు వీధులు, మీది వీధి, కింది వీధి. రెండూ రెండు పార్టీలు. ఈ ఇల్లు సరిగ్గా ఆ రెండూ కలిసే మూల మీద ఉంది.

"యా ఊరు పాపా నీది?" అని అడిగింది పెండ్లాం, మొదటి రోజు.

"విజయవాడండీ."

"అండీ యాలమ్మా నాకు? నేనేమన్నా తాసిల్దారునా? అత్తా అను."

"సరేనండీ అత్తా."

ఆమె నవ్వి నవ్వి కదురు వదిలేసింది. మొగుడు మాత్రం నన్నే ఎగాదిగా చూస్తున్నాడు.

"నువ్వు ప్రొద్దుటూరు అంగడోళ్ళ పిల్లోడివి గదప్పా? మీ నాయన అంగట్లో మిల్లు దుప్పట్లు అమ్ముతాండాడు. నువ్వొచ్చి నా కంబళిని బతికిస్తానంటాండావు. నాయన సంపుతాడు, కొడుకు తద్దినం పెడతాడు. శానా బాగుండాది మీ యాపారం."

ఇట్లాంటి మాట పడ్డప్పుడు అంగడివాళ్ళం నవ్వుతాం. నేనూ నవ్వాను.

వాళ్ళ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. గొర్రెలకు ఉన్ని కత్తిరించే కాలం రాగానే రెండు వీధుల కాపరులూ మూటలు తెచ్చి ఆ ఇంట్లో పడేస్తారు. ఎవరిది ఎంత తూకమో గుర్తు పెట్టుకుంటారు. ఆ తర్వాత మూటలన్నీ విప్పి నట్టింట్లో ఒకే కుప్ప పోస్తారు. మీది వీధి గొర్రెలు నల్లవి, ఉన్ని పొట్టి. కింది వీధివి బూడిదరంగు ఎక్కువ, ఉన్ని పొడుగు. రెండూ కలిపి ఏకితేనే దారం తెగకుండా వస్తుంది, కంబళికి ఆ చారల వన్నె వస్తుంది. ఎవరి తూకానికి తగ్గ కంబళ్ళు వాళ్ళు తీసుకుపోతారు. మిగిలిన ఉన్ని ఈ ఆలుమగలకు కూలి. ఆ ఊళ్ళో రెండు వీధుల వాళ్ళు ఒకరి పెళ్ళికి ఒకరు పోరు, ఒకరి శవాన్ని ఒకరు మోయరు. కలిసేది ఆ కుప్పలో ఒక్కచోటే.

మేము రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చి, పొద్దు వాలకముందే తిరుగు బస్సు పట్టుకునేవాళ్ళం. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. చీకటిపడితే ఆ దారిన బస్సు ఆపేవాడు కూడా కాదు. విజయవాడ అమ్మాయి మగ్గం బొమ్మలు గీసింది, కొలతలు తీసింది, కుండల్లో ఉన్నికి రంగులు కాచింది. కంబళి గుడ్డతో భుజాన వేసుకునే సంచి ఒకటి కుట్టింది. నేతగాడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఇదేంది పాపా, పిల్లికి కంబళా?"

"పట్నంలో కొంటారండీ, ఎగ్జిబిషన్‌లో."

"పట్నం దాకా నేను యాడ పోయేది? ఎవురు తీసకపోయేది?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. మార్కుల్లో సగం దానికే. నాకేమో ఒకచోట కూర్చుని గీయడం, రాయడం చేతకాదు. అరగంట కూర్చుంటే అరికాళ్ళు దురదపెడతాయి. వడికే చప్పుడు, నేసే చప్పుడు వింటూ గుమ్మంలోకి, వీధిలోకి, మళ్ళీ గుమ్మంలోకి తిరుగుతుంటే నా బుర్రకు తట్టింది. పట్నం ఎందుకు? ఈ జిల్లాలో రాత్రింబవళ్ళు మనుషులు కూర్చుని ఉండే ఇళ్ళు లేవా? పెద్దిళ్ళ పంచల్లో ఎప్పుడు చూసినా ముప్పై నలభై మంది కాపలా. కింద పరుచుకోవాలి, పైన కప్పుకోవాలి. పైగా మా వైపు పెద్దమనిషికి కంబళి పరిచి కూర్చోబెట్టడం మర్యాద. మర్యాద ఉన్నచోట ధర ఉంటుంది.

మీది వీధికి పెద్ద జమ్మలమడుగులో ఉండేవాడు. సొంత ఊళ్ళో ఆయన నిద్రపోయి చాలా కాలమైంది. గేటు దగ్గరే నన్ను ఆపారు.

"ఏందప్పా ఆ గొట్టంలో?"

"బొమ్మలన్నా."

కాగితాలు బయటికి లాగారు. గుంటమగ్గం బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇదేం మిషనురా? ఏం తయారైతాది దీంట్లో?" అని నలుగురు చేరి మాట్లాడుకున్నారు. కంబళ్ళని చెబితే నిరాశపడ్డట్టు కనిపించారు.

పెద్దాయన లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను బేరానికి చోటు ఉంచుకుని, బాగా ఎక్కించి ధర చెప్పాను. ఆయన అసలు బేరమే ఆడలేదు.

"ఇరవై నెయ్యమను. ఈ బయానా తీసకపోయి వానికియ్యి. నేనిచ్చినానని చెప్పి ఇయ్యి."

"రసీదు రాసిమ్మంటారా అన్నా?"

"రసీదు యాలప్పా? నేనిచ్చినానని ఊరంతా తెలిస్తే అదే రసీదు."

ఆ మాటకు నేను చేతులు జోడించి వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాను. ఆయన కొన్నది కంబళ్ళు కాదనీ, ఆ నేతగాణ్ణి అనీ నాకప్పుడు తోచలేదు. చెప్పిన ధరకు చెప్పినట్టు అమ్ముడుపోయిందన్న సంతోషంలో చెవులు పనిచేయలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఏదో ఒక నష్టంతో పోయేది. కానీ ఒకడికి అమ్మితే అమ్మకం, ఇద్దరికి అమ్మితే మార్కెట్టు. మా టీచరుకు కావలసింది మార్కెట్టు. కింది వీధికి పెద్ద పులివెందులలో ఉండేవాడు. ముద్దనూరు మీదుగా బస్సు పట్టుకుని పోయాను. దారి పొడుగునా సీట్లో కుదురుగా కూర్చోలేదు. ప్రతి స్టేజీలో ఎక్కేవాళ్ళను, దిగేవాళ్ళను చూస్తూ, చెప్పబోయే మాటలు నాలో నేనే చెప్పుకుంటూ ఉన్నాను.

ఈయన బేరం ఆడాడు. "కంబళి యాలప్పా ఈ కాలంలో? గరగరా గీరతాది. మిల్లుది సగానికొస్తాది గదా."

ఇక్కడే నా పెంపకం బయటపడింది. జవళి అంగట్లో పుట్టినవాడికి ఒక మాట ఊపిరితో పాటే వస్తుంది. చీర విప్పి పరిచాక గిరాకీ వెనకాడితే, "మీ ఎదురింటి కోడలు మొన్ననే ఇట్లాంటిది తీసుకుందమ్మా" అనాలి. నిజమో అబద్ధమో అక్కర్లేదు. ఆ చీర అక్కడితో అమ్ముడుపోయినట్టే. నేను ఆలోచించనే లేదు. నోటికి అలవాటైన మాట తనంతట తాను దొర్లింది.

"జమ్మలమడుగన్న ఇరవై చెప్పినాడన్నా."

పంచలో టీ తాగుతున్న ఒకడు గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

"యా జమ్మలమడుగన్న?" అన్నాడు పెద్దాయన. ఎవరో ఆయనకు తెలుసు. నేను మర్యాదగా నవ్వాను.

"ముప్పై నెయ్యమను. నావి ముందు దిగాల."

తిరుగు బస్సులో నా అంతవాడు లేడనుకున్నాను. విజయవాడ అమ్మాయి అది విని తన చార్టులో 'స్థానిక గిరాకీ' అని ఒక పెద్ద గుండ్రం గీసింది.

మొదటి బయానా ఇచ్చిన రోజు నేతగాడు దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. అది భక్తి అనుకున్నాను. రెండోది ఇవ్వబోయేసరికి పెండ్లాం రాట్నం ఆపింది.

"ఎవురిచ్చినారు?"

చెప్పాను.

"ఒక్కని దుడ్లు తెస్తే ఒక్క వీధి పోతాదిలే అనుకొని, నోరు మూసుకొని ఉండా. ఇద్దరివీ తెచ్చి రెండు వీధులూ పోగొట్టినావు గదప్పా!"

"ఇద్దరివీ తీసుకుంటే ఎవరి పక్షమూ కానట్టే గదా అత్తా?"

"మేముండేది అంగట్లో గాదు నాయనా. ఊర్లో."

"నువ్వుండవే," అన్నాడు మొగుడు. "పెద్దోళ్ళు ఇస్తే వొద్దనేది ఎట్ల? వొద్దంటే ఇంగొక రకం పార్టీ." డబ్బు తీసుకుపోయి మొదటి బయానా పక్కనే, మగ్గం గుంటలో పెట్టాడు. అందులో ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టలేదు.

ఆ తర్వాతి వారం కొత్తగా కత్తిరించిన ఉన్ని రావలసి ఉంది. ఒక్క మూట రాలేదు. మొదట పండగ పనులేమో అనుకున్నాం. తర్వాత ఒక మధ్యాహ్నం మీది వీధి నుంచి నలుగురు కాపరులు వచ్చి గుమ్మానికి ఒక పక్క నిలబడ్డారు. కాసేపటికి కింది వీధి వాళ్ళు వచ్చి ఇంకో పక్క నిలబడ్డారు. చేతుల్లో గొర్రెలు తోలే కట్టెలే. కానీ గొర్రెలు లేవు.

"ఇంగ నువ్వు వాళ్ళోనివంట గదా. మా బొచ్చు మాకియ్యి," అన్నారు ఇటువాళ్ళు.

"ముందు మాది ఇచ్చినాంకనే," అన్నారు అటువాళ్ళు.

పోయిన కోతలో కలిపి పోసిన కుప్ప నట్టింట్లో ఉంది, నడుమెత్తున. ఎప్పుడూ తన తాతల గొప్పలు చెప్పే నేతగాడు మెల్లగా గుంటలోకి దిగి, తల మాత్రం పైకి కనపడేలా కూర్చుని, ఏమీ జరగనట్టు నేయడం మొదలుపెట్టాడు. టకటకమని ఒకటే చప్పుడు. పెండ్లాం మాత్రం పక్కకు జరిగి కుప్ప చూపించింది.

"ఆడ ఉండాది. ఏరుకొని పొండి."

నిజంగానే కూర్చుని ఏరబోయారు. ఒక ముసలాయన ఒక పోచ ఎత్తి, "ఇది మా కుంటి నల్లదాంది," అన్నాడు.

"మీ కుంటిదానికి అంత బొచ్చు ఎప్పుడుండె మామా? దానికి ఉండేదే మూడు కాళ్ళు," అన్నాడు అవతలివాడు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది. ఒక కుర్రవాడు కట్టె ఎత్తాడు. ముసలాయన వాడి మణికట్టు పట్టుకోకపోయి ఉంటే ఆ మిగతా సంగతి రాసేందుకు నేను ఉండేవాణ్ణో లేదో. విజయవాడ అమ్మాయి నా చొక్కా వెనక పట్టుకుని ఉంది. నేను ఎవరి చొక్కా పట్టుకోవాలో తెలియక గోడను పట్టుకుని ఉన్నాను.

"సంత దినం దాకా చూస్తాం," అని చెప్పి రెండు పక్షాలూ వెళ్ళాయి. సంత మూడు రోజుల్లో ఉంది. అప్పటికి ఉన్ని వేరు కాదు. వేరు కాకపోతే ఆ ఇంటి మీద పడేది ఎవరన్నదే తేలాలి.

ఇంటికి వచ్చి నాన్నకు అంతా చెప్పాను. ఆయన గజంబద్దతో గుడ్డ కొలుస్తూనే విన్నాడు.

"బయానా తిరిగిస్తావా?"

"అంతకంటే దారేముంది?"

"ఊరికే దుడ్లు తిరిగిస్తే నీ బేరం నాకొద్దని మొగాన కొట్టినట్టు. పెద్దోళ్ళు ఊరుకోరు. సరుకు చెడిపోయిందని చెప్పు. చెడగొట్టింది నువ్వేనని చెప్పు. ఆ నేసేటోని పేరు నీ నోట్లోనుంచి రాగూడదు."

"నాకు నవ్వులపాటు గదా నాయనా?"

"నీ మొగానికి ఇంగ అంతకంటే మంచి ధర రాదులే."

సాక్ష్యం విజయవాడ అమ్మాయి ఇచ్చింది. ఆమె రంగు ప్రయోగాల్లో ఒక కుండ మరీ కాగిపోయి, ఉన్ని అంతా పిడచ కట్టుకుని, చచ్చిన పందికొక్కులా మిగిలింది. ఆ పిడచను గొట్టంలో కుక్కుకుని, పెద్దోళ్ళకు తిరిగిచ్చేస్తానని మాత్రం చెప్పి మగ్గం గుంటలోని రెండు బయానాలూ తీసుకుని బయలుదేరాను. ముందు పులివెందులకు పోయాను. ఆయన దాన్ని చూసి ముక్కు మూసుకుని అడిగాడు.

"నావేనా చెడింది? ఆయనవి గూడానా?"

"అన్నీ చెడినాయన్నా. కుప్పంతా."

"అయితే సరే," అన్నాడు. ముఖం తేటపడింది, బయానా జేబులో వేసుకున్నాడు.

జమ్మలమడుగులో పంచంతా చేరి ఆ పిడచను చేతులు మార్చుకున్నారు. "మా నేసేటోడు చేసినాడంటే నమ్మనప్పా," అన్నాడు పెద్దాయన. "సదువుకున్నోళ్ళు చేసినారంటే నమ్ముతా." కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. బయానా తిరిగి తీసుకున్నాడు.

సంత నాటికి కబురు ఊరికి చేరింది. చెడిన ఉన్నిని ఎవరూ అడగలేదు, దాని ఖరీదు అడిగారు. నాన్న రెండు వీధులకూ ఇచ్చాడు, నా పేరున రాసుకుని. గొడవ ఆగింది. కానీ నేనొక మనిషిని అడగడం మరిచిపోయాను. నేతగాడు నన్ను గుమ్మంలోనే నిలబెట్టాడు.

"నా ఇంట్లో బొచ్చు చెడిందని చెప్పినావా? మా తాత నాటి నుంచి ఈ ఇంట్లో ఒక పోగు చెడలేదు."

"నేను చెడగొట్టినానని చెప్పినా మామా. నీ పేరు ఎత్తలేదు."

"నా పేరు ఎత్తకపోతే? ఆ బొచ్చు ఎవురి నట్టింట్లో ఉండె?"

చెడిందని ఊరంతా నమ్మిన ఉన్నిని ఆ ఊళ్ళో పట్టపగలు నేయడానికి లేదు. అక్కడైనా వడుక్కోవచ్చని ఖాజీపేట దగ్గర నేతగాడి పెండ్లాం పుట్టింటికి బండ్లో తరలించాం. మూటలు ఎక్కిస్తూ ఆమె అంది, "పానం ఉండేదాన్ని పీనిగ అని చెప్పి మోయిస్తాండావు గదప్పా." ఆ రోజంతా ఆమె నాతో మాట్లాడిన మాట అదొక్కటే. విజయవాడ అమ్మాయిని మాత్రం వెళ్ళేముందు పిలిచి, ఒక చిన్న కదురు చేతిలో పెట్టింది.

మరుసటి ఏడు చూడబోయాను. రెండు వీధుల వాళ్ళూ ఉన్ని తెచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. లోపలికి పోయి చూస్తే గోడవారగా రెండు కుప్పలున్నాయి, నల్లది ఒకటి, బూడిదది ఒకటి. మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ. మళ్ళీ తగాదా వస్తే ఎవరిది వాళ్ళు ఎత్తుకుపోయే వీలుండాలని ఇద్దరూ అడిగారట. విడిగా ఏకి, విడిగా వడికి, విడిగా నేస్తున్నారు. నల్ల దారం మగ్గం మీద మాటిమాటికీ తెగుతోంది. నేతగాడు ముడి వేస్తాడు, నాలుగు పోట్లు పడగానే మళ్ళీ ఆగుతాడు. నేను అక్కడున్నంతసేపూ ఆ చప్పుడు ఒక్కసారి కూడా సాఫీగా నడవలేదు.

ఇక లెక్క. మా ఇద్దరికీ మంచి మార్కులే వచ్చాయి. పిల్లికంబళి సంచులు పట్నం ఎగ్జిబిషన్‌లో కొన్ని అమ్ముడుపోయాయి. ఆ డబ్బు వాళ్ళకు పంపాను, బస్సు చార్జీలు తీసుకోకుండా. ఉన్ని ఖరీదు ఉద్యోగం వచ్చాక నాన్నకు కట్టేశాను, ఆయన వడ్డీ అడగలేదు. ప్రాణనష్టం లేదు. దీన్ని ఎవరైనా లాభం కింద రాసుకోమంటే రాసుకుంటాను. అవతలి పక్క, ఒక ఇంట్లో ఒకటిగా ఉన్న కుప్ప రెండైంది. ఒక మనిషి రోజుకు నేసేదాంట్లో సగమే దిగుతోంది. చారల కంబళి ఆ ఊళ్ళో ఇంక దొరకదు. మేము పోయింది ఆ పనికి ఆసరా ఇవ్వడానికి. కూడి, తీసి, మళ్ళీ కూడి చూశాను. ఆ ఇంటికి మేము బాకీ పడ్డాం, అది ఇప్పటికీ తీరలేదు.